చిక్కుడుకాయ తినని ఖైదీ

రండి, రండి, దగ్గరికి జరగండి. ఆ జామాయిల్ కర్రల లారీ ఎక్కడికీ పోదు, దాని డ్రైవరే వచ్చి ఇక్కడ కూర్చున్నాడు. ఓ సారపాక తమ్ముడూ, ఆ బీడీ కాసేపు ఆర్పు. కాలేజీ పిల్లలూ, సెల్లులు జేబులో పెట్టండి. నేను చెప్పేది వాటిలో దొరకదు. వెనకాల ఎవరో ఇద్దరు గుసగుసలాడుతున్నారు, నాకు వినిపిస్తోంది సుమా. గోదావరి అవతలి ఒడ్డున చీమ తుమ్మితే ఇవతలి ఒడ్డున నేను "నూరేళ్లు" అంటాను. అలాంటి చెవులు నావి. కాబట్టి ఇక మాటలు బంద్.

ఈ కథలో నవ్వు వస్తుంది. వస్తే నవ్వండి. ఎక్కడ ఆపాలో నేను చెప్పను, మీకే తెలుస్తుంది.

మాది రాళ్లవాగు గుంపు. భద్రాచలం దాటి అడవిలోకి పోతే, తారు రోడ్డు ఆయాసపడి కూలబడే చోట ఉంటుంది. గుంపు అంటే మా చిన్న పల్లె, అన్నీ కోయ ఇళ్లు. తొలకరికి ముందు మాకు భూమి పండుగ వస్తుంది. విత్తనాలు భూమితల్లికి చూపించాక మగవాళ్లంతా విల్లంబులు పట్టుకుని వేటకు పోవాలి. ఉత్త చేతులతో తిరిగి రాకూడదు. వచ్చినవాడి కోసం ఊరి మొగదల ఆడవాళ్లు పేడనీళ్ల కుండలతో కాచుకుని ఉంటారు. ఆ రోజు రాజ్యం వాళ్లది. మా జంపక్క విసిరితే పేడనీళ్లు ఎలా పోతాయనుకున్నారు? ఒకసారి గురి తప్పి చుక్కలకు తగిలాయి. ఆ వైపు చుక్కలు ఇప్పటికీ మసకగానే ఉంటాయి.

ఈ రోజుల్లో అడవిలో వేటకు ఏముంది? పిట్ట దొరికినా చెల్లుతుంది, తొండ దొరికినా చెల్లుతుంది. ఆ ఏడు మా అందరికీ ఏదో ఒకటి దొరికింది. జంపక్క మరిది పగిడయ్యకు మాత్రం ఏమీ దొరకలేదు. పోడు చేసుకునే మనిషి, వెదురు కొట్టే మనిషి, నోట్లో అబద్ధం నిలవని మనిషి. "మీరు పోండ్రి, ఆడోళ్లు అలిసిపోయినంక నేనొస్త" అని వాగు పక్కన పొదలోకి దూరి కూర్చున్నాడు.

ఆ పొదలోనే అతన్ని పట్టుకున్నారు.

నక్సలైట్ల కోసం సరిహద్దు గాలింపుకు వచ్చిన పోలీసులు. నల్లద్దాల ఆఫీసరు ముందు, తుపాకులు వెనక. మేం కొంచెం దూరంలో ఆగిపోయి అంతా చూశాం, ప్రతి మాటా విన్నాం.

"ఎవడ్రా నువ్వు? లే. చేతులు పైకెత్తు. ఎందుకు దాక్కున్నవ్?"

"ఆడోళ్లకు భయపడి సార్."

పోలీసులు నవ్వారు. వాళ్లలోనూ పెళ్లాలు ఉన్నవాళ్లు ఉంటారు కదా.

"ఎంతమందిరా ఆడోళ్లు?"

"శానమంది సార్. దారి కాసి కూసున్నరు."

నవ్వు కొంచెం తగ్గింది.

"ఎక్కడ?"

"వాగు మలుపు కాడ. చెట్ల సాటున."

నవ్వు పూర్తిగా పోయింది. తుపాకులు భుజాల మీది నుంచి చేతుల్లోకి వచ్చాయి.

"వాళ్లకు లీడర్ ఎవరు?"

"మా జంపక్క వదినె సార్."

"ఏమున్నయి వాళ్ల దగ్గర?"

"కుండలు."

"కుండల్ల ఏముంది?"

ఇక్కడ చూడండి. పగిడయ్యకు సిగ్గేసింది. అంత పెద్ద ఆఫీసరు ముందు పేడ అనే మాట ఎలా అంటాడు? మా గుంపులో పెద్దమనిషి ముందు ఆ మాట అనరు. తల వంచుకుని, ఎంతో మర్యాదగా, "అది చెప్పకూడదు సార్" అన్నాడు.

ఆ మర్యాదే అతని మెడకు చుట్టుకుంది.

చేతులు వెనక్కి కట్టారు. వాగు మలుపు దగ్గర ఆడవాళ్లను చుట్టుముట్టారు. ఆఫీసరు కర్ర తీసుకుని కుండలో కలిపాడు, బయటికి తీసి వాసన చూశాడు. పేడ. పేడకు దేశమంతటా ఒకటే వాసన. నిజం ఏమిటో అక్కడే, ఆ కర్ర చివరనే తేలిపోయింది. ఆఫీసరు మూతిమీద కూడా నవ్వు కదిలింది. జంపక్క ముందుకు వచ్చింది.

"సార్, మేం పోస్తమనే దాసుకున్నడు. పండుగ సార్ ఇది. ఇడిసిపెట్టు, మేం పొయ్యేది పోసి ఇంటికి తోలుకపోతం."

ఆఫీసరు విడిచిపెట్టేవాడే. చెయ్యి కూడా ఎత్తాడు. అప్పుడే పక్కనున్న ఫారెస్టు మనిషి వంగి అతని చెవిలో ఏదో చెప్పాడు. ఆఫీసరు నల్లద్దాలు తీశాడు.

"పగిడయ్య అంటే నువ్వేనా? పోడు భూముల్ల కందకం తవ్వుతుంటే జేసీబీ ముంగట పండుకున్నది?"

నోట్లో అబద్ధం నిలవదని చెప్పాను కదా.

"అవ్ సార్. నేనే."

ఆఫీసరు జంపక్క వైపు తిరిగాడు. "పండుగ అయిపోయింది. ఇంటికి పోండి."

జీపు కదిలింది. జంపక్క చేతిలో కుండ అలాగే ఉంది. జీపు పోయిన జాడ మీద ఆ నీళ్లు కుమ్మరించి ఇంటికి నడిచింది.

మర్నాడు పేపర్లో వచ్చింది, చదువుకున్నవాళ్లు చెప్పారు. సరిహద్దులో నక్సలైట్ల దళం కీలక సభ్యుడు పట్టుబడ్డాడట. విల్లంబులు దొరికాయట. కుండల్లో గుర్తు తెలియని ద్రవం దొరికిందట. మా ఆవులన్నీ ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి.

ఆ వారంలోనే జేసీబీ మళ్లీ వచ్చింది. మా పోడు చుట్టూ కందకం తవ్వుకుంటూ పోయింది. కందికి దున్నిన చాళ్ల మీద నుంచి పోయింది. ఊరి చివర ఫారెస్టువాళ్ల తెల్ల జీపు ఒకటి ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది. దానిలో నుంచి ఎవరూ దిగలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. అనే పని కూడా లేదు. ఒక మనిషిని పట్టుకుపోతే ఊరి నోరంతా కుట్టుకుపోతుందని వాళ్లకు తెలుసు.

బెయిలు రాని కేసు పెట్టారు. పగిడయ్యను దూరంగా పట్నం జైలుకు తోలారు.

మా సంతకు షుకూర్ భాయ్ అని ఒకాయన వస్తాడు. ఖమ్మం మనిషి. స్టవ్వులు, పంపులు, టార్చిలైట్లు బాగుచేస్తాడు. షుకూర్ భాయ్ చెయ్యి పడితే పోయిన ఏడు చెడిపోయిన పంపు పోయిన ఏటి నీళ్లు కూడా కలిపి పోస్తుంది. ఆయన కూతురు సుమేరా వకీలు చదువు చదువుతోంది. ఆ పిల్లే వాళ్ల సీనియర్ వకీలును బతిమాలి కేసు పట్టించింది. వానలు పోయాయి. వాయిదా మీద వాయిదా పడింది. చలి మొదలైంది. చిక్కుడు పందిళ్లు కాయ పట్టాయి.

ఇప్పుడు మీకు మా ఇంకో ఆచారం చెప్పాలి. కొత్త చిక్కుడుకాయను మేం ఊరికే తినం. ముందు చనిపోయిన మా పెద్దలకు పెట్టాలి. గుంపులో అందరూ ఒక్కచోట ఆకులు వేసుకుని కూర్చోవాలి. దాన్ని కొత్త అంటాం. కొత్త కాకముందు చిక్కుడుకాయ నోట పెడితే ఇంటికి కీడు. పసిపిల్లవాడు కూడా పందిరి కింద ఆడతాడు గానీ కాయ కొరకడు.

జైలు తోటలో కూడా చిక్కుళ్లు విరగకాశాయి. రోజూ అదే కూర. పగిడయ్య కంచం పక్కకు నెట్టాడు. వట్టి అన్నం అడిగాడు. వట్టి అన్నం ఇవ్వడానికి రూలు లేదన్నారు. రెండో రోజూ నెట్టాడు, మూడో రోజూ నెట్టాడు. జైలరు పిలిపించాడు.

"ఏందిరా, తిండి మానేసినవట?"

"తిండి కాదు సార్, చిక్కుడుకాయ. మా ఊళ్లె ఇంక కొత్త కాలే."

"తినొద్దని ఎవరు చెప్పిన్రు?"

"మా పెద్దలు సార్."

"ఏ పెద్దలు? యాడుంటరు?"

"లేరు సార్. సచ్చిపోయిన్రు."

జైలరు కుర్చీలో ముందుకు వంగాడు. "అంటే సచ్చిపోయినోళ్ల కోసం నిరాహార దీక్ష చేస్తున్నవ్."

"దీక్ష కాదు సార్. చిక్కుడుకాయ."

"తీస్కపోండి."

అలా అతన్ని ఒంటరి గదిలో వేశారు.

ఆ గది సంగతి మాకు రూప్‌సింగ్ చెప్పాడు. లంబాడా తండా మనిషి, ఆటో డ్రైవరు. ఏదో యాక్సిడెంటు కేసులో లోపల ఉన్నాడు. కూర బకెట్ మోసుకుంటూ పోయి గదిగదికీ వడ్డించే పని అతనిది. బెయిలు దొరికి బయటికి రాగానే ఇంటికి కూడా పోకుండా సంత రోజున సరాసరి మా దగ్గరికి వచ్చాడు. షుకూర్ భాయ్ తార్పాలిన్ కింద, పట్టపగలు, మేమంతా చుట్టూ కూర్చుని విన్నాం.

ఆ గది ఎంత చిన్నదంటే, మనిషి లోపలికి పోతే అతని నీడ బయటే నిలబడాలి. పైన చిన్న కన్నం ఉంది. దానిలో నుంచి ఆకాశం కనిపించదు, ఇంకో గోడ కనిపిస్తుంది. బల్బు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి పొద్దు పొడవదు, పొద్దు గూకదు. తలుపు కింద కంచం పట్టేంత సందు. ఆ సందులో నుంచి రోజూ చిక్కుడుకాయ కూర లోపలికి పోతుంది, అలాగే బయటికి వస్తుంది. అన్నంలో కూర తగలని మెతుకులు ఏరుకుని తింటాడట.

మొదట్లో పగిడయ్య తనలో తాను కోయలో మాట్లాడుకునేవాడు. వార్డరు లాఠీతో తలుపు మీద కొట్టి, "ఎవరితోని మాట్లాడుతున్నవ్? కోడ్ భాషనా?" అనేవాడు. అప్పటి నుంచి నోరు కదిలేది, గొంతు వచ్చేది కాదు. కొన్నాళ్లకు నోరు కూడా కదలలేదు. గోడకు ముఖం పెట్టి కూర్చునేవాడు. రూప్‌సింగ్ సందులో నుంచి చూస్తే రెండు పాదాలు కనిపించేవి. నడక మర్చిపోయిన పాదాలు అవి.

"ఒకపాలి కంచం తోస్తుంటే లోపట్నుంచి మాటొచ్చింది," అన్నాడు రూప్‌సింగ్. "అన్నా, అన్నా అన్నడు. ఏందిరా తమ్మీ అన్న. అన్నా, నేను ఎవరికి ఏమైత? అని అడిగిండు."

జంపక్క అప్పటిదాకా నేల చూస్తోంది. తల ఎత్తింది.

మీకు అర్థం కావాలంటే ఒకటి చెప్పాలి. మా గుంపులో ఎవరినీ ఊరికే పేరు పెట్టి పిలవరు. ఒకరికి బావ, ఒకరికి మామ, ఒకరికి మరిది, ఒకరికి కొడుకు. పొద్దున లేచి వాగుకు పోయి వచ్చేలోపు ఒక మనిషి పది వరసలు అవుతాడు. ఆ గదిలో అతనికి ఒక్క నంబరు ఉంది. ఆ నంబరుకు బావలు లేరు, వదినలు లేరు.

"నాకు తమ్మివే గదరా అన్న," అన్నాడు రూప్‌సింగ్. "దానికాయన, 'నువ్వు పోయినంక?' అన్నడు."

సంత గోల అటు పక్క నుంచి వస్తూనే ఉంది. రోడ్డు మీద తెల్ల జీపు వచ్చి ఆగింది. దిగకుండా కూర్చుని ఒకడు సెల్లుతో మా ఫొటోలు తీస్తున్నాడు.

ఆ రోజు వాళ్ల నాన్నతో వచ్చిన సుమేరా మొదట మాట్లాడింది. "కోర్టు శిక్ష పడని మనిషిని ఒంటరి గదిల పెట్టొద్దని రూలుంది. మా సారు పిటిషన్ వేసిన్రు. కానీ ఆ జైలరు ఇది ఒంటరి గది కాదు, భద్రత గది అని రాసిచ్చిండు. పిటిషన్ విచారణకొచ్చే సరికి ఆలస్యమైతది. అప్పటిదాక ఆయన మనిషి లెక్క ఉంటడో లేదో. జంపక్కా, నా మాట విను. ఒక్కసారి తినమని కబురు పంపండి. పానం పెద్దదా, చిక్కుడుకాయ పెద్దదా?"

మా ఊరి పెద్ద దూలయ్యకు ఆ మాట నచ్చలేదు. "బిడ్డా, మీ రోజా దినాలల్ల నీ నోట్లె ఎవడన్న బలవంతంగ ముద్ద పెడితే తింటవా?"

"పానం మీదికొస్తే తినొచ్చు తాతా. మా దాంట్ల గట్లనే ఉంది."

"అవ్," అన్నాడు షుకూర్ భాయ్ మెల్లగా. "ఉంది."

దూలయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అయితే రేపే కొత్త చేస్త. చేసినంక ఆడు తినొచ్చు."

"ఎట్ల చేస్తవ్ తాతా?" అంది జంపక్క. "గుంపుల అందరి ఆకులు పడాలె గద. ఒక్క ఆకు తక్కువైతే అది కొత్తనా?"

"కాదు. తప్పు నా నెత్తిన ఏసుకుంట. నేనెన్నాళ్లుంట గని!"

అప్పుడు రూప్‌సింగ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "తిన్నా ఆ గదిలకెళ్లి తియ్యరు తాతా. జైలరు నా ముంగటనే అన్నడు. వీడు తిన్ననాడు దీక్ష ఇరమించిండని రాస్త అన్నడు. రాస్తే ఏమైతది? ఇన్నాళ్లు చేసింది దీక్షనే అయితది. కేసుకు ఇంకో మేకు."

తింటే దొంగ, తినకపోతే దొంగ. బయట కూర్చున్న మా మీదికి కూడా ఆ గది గోడలు జరుగుతున్నట్టు అనిపించింది.

జంపక్క లేచి నిలబడింది. మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు, తిట్టడమే అలవాటు. తిట్టినట్టే మాట్లాడింది.

"ఆడొక్కడు తినకపోతే దీక్ష. ఆడొక్కడు దాసుకుంటే దళం. ఆడొక్కడు పండుకుంటే జేసీబీకి అడ్డం. ఒక్కణ్ణి చేసి గదిల ఏసిన్రు గద, ఒక్కడే ఉన్నడు గనకనే ఆడు చెప్పింది అబద్ధమయింది! మనమందరం తినకపోతే అది ఏమైతది?"

"ఆచారమైతది," అన్నాడు దూలయ్య.

"మరి ఆ ఆచారం ఈడ ఇళ్లల్ల కూసోని చేస్తే ఆ జైలరుకు కనపడతదా?"

సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పని చేసే మా కుర్రాడు జీపు వైపు చూసి అన్నాడు. "అత్తా, నీ పేరు ఆల్ల కాయితాలల్ల ముందే ఉంది. లీడర్ అని ఉంది. నువ్వు ఆ గేటు కాడికి పోతే నిన్ను గూడ ఎత్తుకపోతరు."

"ఉండనియ్యి. ఆడు నా పేరు చెప్పినప్పుడు నేను లీడర్ను కాదు. ఇయ్యాల్టి నుంచి అయిత. ఎవరొస్తరు?"

మా నోటి కుట్లు అక్కడ తెగాయి. అందరం ఒకేసారి మాట్లాడాం. ఆ గోలకు జీపు ఇంజన్ స్టార్టయింది.

ఆ సంతలోనే కబురు పక్క గుంపులకు పాకింది. కొత్త ఆగిపోయింది. ఏ పందిరి మీదా కాయ కోయలేదు. పందిళ్లు బరువుకు వంగి, వంగి, ఇళ్ల మీద తలలు పెట్టుకున్నాయి. మా ఇంటి పందిరైతే రోజూ పొద్దున్నే తలుపు తట్టి "ఏమైంది?" అని అడిగేది. నవ్వకండి, అడిగింది.

జైలుకు మేం లారీల్లో పోయాం. ఇదిగో, ఇలాంటి కర్రల లారీల్లోనే, ఈ డ్రైవరులాంటి డ్రైవర్లే. ఆ పొద్దున మాత్రం, తినడానికి కాదు, చూపించడానికి పచ్చి చిక్కుడుకాయలు కోసి గంపల్లో పెట్టుకుని పోయాం. సారపాక నుంచి కూలీలు వచ్చారు. ఖమ్మం నుంచి సుమేరా కాలేజీ పిల్లలు వచ్చారు, ముదిగొండ వైపు నుంచి మిరపకాయ ఏరే ఆడకూలీలు వచ్చారు. గేటు ముందు ఎండలో కూర్చున్నాం. ఎంతమందిమి? జైలు గోడ మమ్మల్ని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

పోలీసులు మాకంటే ముందే ఉన్నారు. నల్లద్దాల ఆఫీసరు కూడా ఉన్నాడు. పక్కన వీడియో కెమెరా పట్టుకున్నవాడికి ఒక్కొక్క ముఖం వేలుపెట్టి చూపిస్తున్నాడు. కెమెరా ఎవరి మీదికి వస్తే వాళ్లు ముఖం పక్కకు తిప్పుకుంటున్నారు.

"ధర్నాకు పర్మిషన్ లేదు," అన్నాడు ఆఫీసరు.

"ధర్నా కాదు సార్, ఉపాసం గూడ కాదు," అంది జంపక్క. "అన్నం తింటున్నం, పప్పు తింటున్నం. చిక్కుడుకాయ ఒక్కటే తింటలేం. దానికి పర్మిషన్ గావాల్నా?"

జైలరు బయటికి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక ఆలోచన చేసుకుని వచ్చాడు. వెనకాల వార్డరు చేతిలో వేడివేడి చిక్కుడుకాయ కూర కంచం.

"నాటకాలు పక్కన పెట్టండి. ఆకలైతే అందరూ తింటరు. ఇదిగో, తినమ్మా."

కెమెరా జంపక్క మీదికి వచ్చింది. ఆమె కంచం అందుకుంది. కళ్లకు అద్దుకుంది. పక్కనున్న దూలయ్యకు ఇచ్చింది. దూలయ్య కళ్లకు అద్దుకుని పక్క మనిషికి ఇచ్చాడు. కంచం కదిలింది. మా గుంపు దాటింది. పక్క గుంపు దాటింది. లంబాడా రూప్‌సింగ్ చేతికి వచ్చింది. అతనికి ఏ కట్టూ లేదు, తినొచ్చు. కళ్లకు అద్దుకుని ముందుకు జరిపాడు. మిల్లు కూలీలు జరిపారు. పొద్దున్నుంచి ఏమీ తినని ముదిగొండ ఆడవాళ్లు జరిపారు. షుకూర్ భాయ్ జరిపాడు. సుమేరా ఆ కంచం వైపు కాసేపు చూసి, రెండు చేతులతో పట్టుకుని, కళ్లకు అద్దుకుని జరిపింది. ఆ కంచం అంతమంది చేతులు తిరిగి, చల్లారి, మళ్లీ జైలరు ముందుకు వచ్చింది. ఒక్క కాయ తగ్గలేదు.

"మీరంతా ఒకటే ముఠా," అన్నాడు జైలరు.

"అవ్," అంది జంపక్క. "ఇప్పుడు నిజం రాసుకో."

ఆమె గోడ వైపు తిరిగింది. గొంతెత్తి, కోయలో, "ఓ మరిదీ!" అని అరిచింది.

దూలయ్య లేచాడు. "ఓ మనమడా!" ఇంకొకరు లేచారు. "ఓ బావా!" "ఓ కొడుకా!" "ఓ అల్లుడా!" ఎవరి వరస వాళ్లు పిలిచారు. కోయ రానివాళ్లు వాళ్లకు వచ్చిన మాటలో పిలిచారు. మిల్లు కూలీలు "అన్నా!" అన్నారు, కాలేజీ పిల్లలు "మామా!" అన్నారు, షుకూర్ భాయ్ "బేటా!" అన్నాడు. పోలీసులు లాఠీలు నేలకు కొడుతూ "నోర్ముయ్యండి" అంటూనే ఉన్నారు. ఆ వరసలన్నీ గోడ ఎక్కి అటువైపు దూకాయి.

తర్వాత లోపల ఏదో మోగింది. కంచాలు. ఒక బ్యారక్, తర్వాత ఇంకొకటి. లోపలి ఖైదీలు కూర తీసుకోవడం లేదు, కంచాలు ఊచలకు కొడుతున్నారు. ఆ చప్పుడులో నుంచి ఒకడి కేక వచ్చింది, వాడి వెనక ఇంకొకడి కేక. గదిలో ఉన్నవాడి మాటను ఒకరి నుంచి ఒకరు అందుకుని గోడ దాకా మోసుకొచ్చారు.

"జంపక్క వదినె ఎవరు? ఆమెకు ఈయన మరిదంట! మరిదినే అంట!"

జంపక్క కూలబడింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. నేను చూశాను. ఆ తల్లి ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది, అదంతా ఒక్క ఊపిరిలోనే.

వార్డరు పరిగెత్తుకు వచ్చి జైలరు చెవిలో ఏదో చెప్పాడు. లోపల ఏ ఒక్కడూ కంచం పట్టడం లేదట. జైలరు గోడ వైపు చూశాడు, మా వైపు చూశాడు, కెమెరా వైపు చూశాడు.

"ఆ గది తలుపు తీసి వాణ్ని బ్యారక్‌లకు మార్చండి," అన్నాడు.

మేం సంతోషంతో ఇంకా కేక వేయలేదు. అప్పుడే జైలరు నల్లద్దాల ఆఫీసరుకు తల ఊపాడు. ఒక గది ఖాళీ అయింది. ఖాళీ అయిన గదిని వాళ్లు ఊరికే ఉంచరు. ఆడవాళ్ల వైపు కూడా అలాంటి గది ఒకటి ఉంది.

ఆడ పోలీసులు జంపక్కను రెండు చేతులూ పట్టుకుని లేపారు.

"జంపక్క అంటే నువ్వే కదా. ముందు నుంచీ నీ పేరుంది."

"నేనే. ఒదిలిపెట్టుండ్రి, నడవొస్తది నాకు."

వ్యాను మెట్టు మీద కాలు పెట్టి మా వైపు తిరిగింది. ఆ చూపు నా మీద కాసేపు ఆగింది. ఆ చూపు బరువుకు నేను ఇప్పటికీ కొంచెం వంగి నడుస్తాను.

దూలయ్య కర్ర ఊతంగా లేచి వ్యాను తలుపు దగ్గరికి పోయాడు. "సార్, నేను గూడ తినలే. నాకు గూడ ఒక గది గావాలె."

"ముసలోడా, పక్కకు పో."

"పోను. నాకొక్కనికే గది. పక్కన ఎవరూ ఉండొద్దు. ఆమెకు ఎట్లిస్తవో నాకు గట్లనే ఇయ్యాలె."

అతని వెనక రూప్‌సింగ్ నిలబడ్డాడు. "నేను మొన్ననే బయటికొచ్చిన సార్, నాకు గదులన్నీ ఎరికనే. నాకు మూలది ఇయ్యుండ్రి." అతని వెనక మిల్లు కుర్రాడు. షుకూర్ భాయ్. సుమేరా పుస్తకాల సంచి భుజాన వేసుకుని వాళ్ల నాన్న వెనక. ముదిగొండ ఆడవాళ్లు కొంగులు నడుముకు దోపుకుని వాళ్ల వెనక. నేనూ. ఒకరి వెనక ఒకరం, తోసుకోకుండా, అరవకుండా. "ఎన్ని గదులున్నయి సార్ నీ దగ్గర?" అని ముందు నుంచి దూలయ్య అడుగుతున్నాడు. కెమెరావాడు లైను వెంట నడుస్తూ ముఖాలు తీస్తున్నాడు, తీస్తున్నాడు, వాడి చెయ్యి నొప్పి పుట్టింది గానీ లైను అయిపోలేదు. ఈసారి ఎవరూ ముఖం పక్కకు తిప్పుకోలేదు. లైను జైలు గోడ దాటింది, టీ బండి దాటింది, మూల తిరిగి బస్టాపు దాకా పోయింది.

అప్పుడే ఆర్టీసీ బస్సు వచ్చి ఆగింది. దానిలో నుంచి ఒక పెద్దాయన దిగాడు. చంకలో గొడుగు, చేతిలో ప్లాస్టిక్ కవరు. లైను చూశాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఉరికి వచ్చి చిట్టచివర నిలబడి, చెమట తుడుచుకుని, ముందున్న ఆడమనిషి భుజం తట్టాడు.

"అమ్మా, ఈ లైను దేనికి?"

"జైలుకు పోనీకి."

ఆయన తల పంకించి, కవరు విప్పి లోపల వెతుక్కుంటూ అడిగాడు:

"ఆధార్ జిరాక్సు ఒకటి సాలునా, రెండు గావాల్నా?"